ఎగిరే ముందు ఇరవై రోజులు: అండమాన్‌లో నీళ్లు, పోటు, పెట్టె

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి, ఫ్యాన్ల చప్పుడులో మాట అందదు.

ఇక్కడున్న వాళ్లలో సగానికి పైగా కార్తీకం వెళ్లాక వచ్చినవాళ్లు. కొడుకో కూతురో ఇక్కడ ఉద్యోగంలో ఉన్నారు, చలికాలం వెచ్చగా గడుస్తుందని రమ్మన్నారు. ఉగాదికి సొంతూళ్లో ఉండాలని ఫాల్గుణంలో విమానానికి టికెట్లు తీసుకున్నారు. కొందరు పిల్లల బదిలీతో ఇల్లే ఖాళీ చేస్తున్నారు, కొందరు నాలుగు నెలలు తాళం వేసి వెళ్తున్నారు. ఈ దీవుల్లో తెలుగు కొత్తదేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వెళ్తే శ్రీకాకుళం, విశాఖ తీరాల మాట చెవిన పడుతుంది. అక్కడివాళ్లకి నేను చెప్పేవన్నీ తెలిసినవే. మూడు నెలలకని వచ్చినవాళ్ల కోసమే ఈ మాటలు.

ఇబ్బంది అంతా చివరి ఇరవై రోజుల్లోనే వచ్చిపడుతుంది. ఎందుకో చూడండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ వాన దాదాపు ఉండదు, కాబట్టి నీళ్లు రోజురోజుకీ తగ్గుతుంటాయి. సముద్రం మాత్రం ఫిబ్రవరి, మార్చిలోనే నిమ్మళంగా ఉంటుంది. అంచేత చుట్టాలు అప్పుడే దిగుతారు, మిగిలిన దీవులు చూసేద్దామని అందరూ అప్పుడే బయల్దేరతారు. పెట్టెలు సర్దడం, ఇల్లు మూయడం కూడా ఆ రోజుల్లోనే. ఊళ్లో అయితే ఒక పని తప్పినా మర్నాడు చేసుకుంటాం. ఇక్కడ కుళాయి నీళ్లు వచ్చే వంతు తప్పితే రెండు మూడు రోజులు ఆగాలి, పడవ తప్పితే విమానమే తప్పొచ్చు. అందుకని విమానం తేదీని చివర పెట్టుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

ముందు పొద్దు సంగతి. మన గడియారం దేశమంతటికీ ఒకటే, 82.5 డిగ్రీల రేఖాంశం మీద కట్టినది. శ్రీ విజయపురం, 2024 సెప్టెంబరులో పేరు మారినా మన నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే, 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, పొద్దు గడియారం కంటే నలభై నిమిషాలు ముందు నడుస్తుంది. మార్చి మొదట్లో ఐదున్నర దాటగానే సూర్యోదయం, సాయంత్రం ఐదున్నరకల్లా అస్తమయం. హైదరాబాదుతో పోలిస్తే దాదాపు గంట తేడా. కాబట్టి బట్టలు పొద్దున్న ఏడింటికల్లా తీగ మీద పడాలి, మూడున్నరకి తీసేయాలి. ఆ తర్వాత గాలిలో తేమ మళ్లీ బట్టలకే ఎక్కుతుంది. అలాంటి బట్టలు పెట్టెలో పెట్టి జిప్పు లాగితే ఊరు చేరేసరికి ముక్కవాసన వస్తాయి. బరువూ పెరుగుతుంది. తడి ఆరని రెండు తువ్వాళ్లు కిలో అదనం అనుకోండి.

ఇప్పుడు నీళ్లు. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

పట్టణానికి ప్రధానంగా ధనిఖారి ఆనకట్ట నీళ్లే వస్తాయి. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట నీటి కరువేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ఆ వాన మే నుంచి డిసెంబరు దాకానే. నేల వాలు, దీవి సన్నం, పడిన నీళ్లు గబగబా సముద్రంలో కలిసిపోతాయి. ఎండలు ముదిరేకొద్దీ కుళాయి రోజు విడిచి రోజు అవుతుంది, ఒక్కోసారి మూడు రోజులకోసారి.

మనిషికి రోజుకి ఎంత కావాలో వేసుకుందాం. స్నానానికి ఒక బకెట్టు, ఇరవై లీటర్లు. మరుగుదొడ్డికి ముప్పై. తాగడానికీ వంటకీ ఎనిమిది. గిన్నెలకి పది. బట్టలకి సగటున పన్నెండు. మొత్తం ఎనభై. ఇంట్లో నలుగురుంటే రోజుకి 320, మూడు రోజులకి 960. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటుంటే అంచు దాకా సరిపోతుంది. ఇద్దరు చుట్టాలు దిగారనుకోండి, మూడు రోజులకి 1440. ట్యాంకు మూడో రోజు పొద్దున్నే ఖాళీ. చుట్టాలు వచ్చాక కాదు, వచ్చే ముందటి వంతులోనే రెండు వందల లీటర్ల డ్రమ్ములు మూడు నింపి మూతలు బిగించి పెట్టుకోవాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు వెళ్లే వారంలో జరుగుతుంది. దుప్పట్లు, కిటికీ తెరలు, దిండు గలేబులు అన్నీ ఒకేరోజు ఉతికి ఆరేసి వెళ్లిపోదామనుకుంటారు. పైనుంచి బట్టలు వేసే యంత్రం ఒక్క విడతకి ఎనభై నుంచి వంద లీటర్ల నీళ్లు తాగుతుంది. నాలుగు విడతలు వేస్తే ఇంటిల్లిపాది ఒకరోజు నీళ్లు అయిపోయినట్టే. ఆ రాత్రి నీళ్లడుగంటిన సంపులో మోటారు వేస్తారు, అది గాలి పీల్చి వేడెక్కి కాలిపోతుంది. ప్రయాణం ముందు రోజు మోటారు మేస్త్రీ దొరకడు. ఉతుకుడు పనిని కనీసం మూడు నీటి వంతుల మీద పంచండి. తెరలు మొదట, దుప్పట్లు తర్వాత, ఒంటిమీది బట్టలు చివర. సంపులో జానెడు నీళ్లు మిగిలాక మోటారు జోలికి పోవద్దు.

నిల్వ నీళ్లతో ఇంకో చిక్కు దోమ. డెంగీ దోమ శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. అదీ నీళ్లలో కాదు, నీటి అంచుకి కాస్త పైన, డ్రమ్ము గోడకి అంటించి పోతుంది. నీళ్లు ఒంపేసినంత మాత్రాన గుడ్లు పోవు, ఎండినా నెలల తరబడి బతికుంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదిగి, వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. కాబట్టి వారానికోసారి డ్రమ్ము లోపలి గోడని కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి. పెరట్లో పడి ఉన్న కొబ్బరి చిప్పలు, బోండాల డొల్లలు కూడా నీటి గిన్నెలే. వాటిని బోర్లించడం కాదు, పోగుచేసి పారేయాలి. తాగే నీళ్లు తెర్లకాగి బుడగలు లేచాక ఒక నిమిషం ఉంచితే చాలు. గంటసేపు మరిగించి గ్యాసు వృథా చేయక్కర్లేదు.

కూరగాయల సంగతి రెండు మాటల్లో. ఉల్లి, బంగాళాదుంప, పప్పులు, నూనె దాదాపు అంతా ఓడ మీద చెన్నై నుంచో కోల్‌కతా నుంచో రావాలి. చెన్నై పన్నెండు వందల కిలోమీటర్లు, ఓడకి రెండున్నర మూడు రోజులు. ఓడ ఆలస్యమైతే అబర్దీన్ బజారులో ఉల్లి ధర మర్నాడే కదులుతుంది. వెళ్లేవాళ్లు చివరి రెండు వారాలకి కొత్తగా సరుకు నింపకండి, ఉన్నది వాడండి. మందులు మాత్రం దీనికి తిరగేసి చూడాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రయాణం తేదీ దాటాక ఇంకో పది రోజులకి సరిపడా చేతిసంచిలో ఉండాలి. మీరు వాడే కంపెనీ మాత్ర ఇక్కడ అడిగిన రోజే దొరుకుతుందని నమ్మకం లేదు.

చేపల మాట కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊరికి పట్టుకెళ్తామని అందరూ అంటారు. వంజరం, సూర, కానగర్తలు ఇక్కడ తాజాగా దొరుకుతాయి. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. ఇదంతా మీకు తెలిసిందే. తెలియని సంగతి సూర, కానగర్తల గురించి, వంజరం కూడా వీటి కుటుంబమే. ఈ జాతి చేపల మాంసం వేడిలో కొద్ది గంటలున్నా అందులో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. వాసనలో తేడా తెలియకపోవచ్చు. ఎంత ఉడికించినా, వేయించినా అది పోదు. తిన్న గంటలోపు ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలపోటు, గుండెదడ వస్తాయి. మనవాళ్లు చేప పడలేదు అంటారు. చాలాసార్లు చేప పడకపోవడం కాదు, చేప మంచు మీద లేకపోవడం. బజారుకి వెళ్లేటప్పుడే మంచు గడ్డలున్న డబ్బా పట్టుకెళ్లండి. ఊరికి పట్టుకెళ్లాలంటే సూర వద్దు, మొదటినుంచీ మంచు మీదే ఉంచిన వంజరం ముక్కలు కడిగి, తుడిచి, కవర్లలో పల్చగా పరిచి కనీసం ఇరవై నాలుగు గంటలు గడ్డ కట్టించి, థర్మోకోల్ పెట్టెలో ఖాళీ లేకుండా పేర్చండి. మధ్యలో ఖాళీ ఉంటే అక్కణ్ణించే కరగడం మొదలవుతుంది. మంచు గడ్డలు వేయొద్దు, అవి కరిగి కారితే విమానం వాళ్లు పెట్టెనే దించేస్తారు. టికెట్ తీసుకున్న సంస్థ చేపని ఒప్పుకుంటుందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. ఎండు చేపలు మూడు కవర్ల లోపల, అంచులు కొవ్వొత్తి సెగకి అతికించి.

సముద్రంలోకి దిగేవాళ్లకి. నీళ్లు రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఈ రోజు పోటు ఎన్నింటికో చూసుకుంటే రేపు దానికి సుమారు యాభై నిమిషాలు కలుపుకోండి. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి, నవమి రోజుల్లో తేడా తక్కువ. బాగా ఆటు ఉన్నప్పుడు పగడపు రాళ్లు బయటపడతాయి, అప్పుడు దిగితే పాదాలు కోసుకుంటాయి. పగడం కోసిన గాయం చిన్నదైనా తొందరగా మానదు, లోపల నలుసులు ఉండిపోతాయి. మంచినీళ్లతో బాగా కడిగి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మందు రాయాలి. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఇలాంటి గాయం చేసుకుంటే ఊళ్లో దిగేసరికి చీము పట్టి ఉంటుంది. మడ అడవి పక్కన, కాలువ సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి మొసళ్లుంటాయి. బోర్డు ఉన్న చోట దిగొద్దు. పొద్దువాలాక ఎక్కడా దిగొద్దు. ఇసుక ఈగ కుట్టిన దద్దు వారం దాకా దురద పెడుతుంది. కాళ్లకి కొబ్బరినూనె మందంగా పట్టిస్తే ఈగ చాలావరకు చర్మం దాకా రాలేదు. గోకకండి, గోకితే పుండు.

మిగతా దీవులు చూడాలనుకునే వాళ్లు ఒక నియమం పెట్టుకోండి. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్), షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్) నుంచి విమానానికి కనీసం ఒక పూర్తి రోజు ముందు తిరిగి రావాలి. దిగ్లీపూర్ నుంచి రెండు రోజుల ముందు. లిటిల్ అండమాన్ నుంచి మూడు రోజుల ముందు. పొద్దున్న అక్కణ్ణించి పడవ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకుందామనే లెక్క వేసుకోవద్దు. సముద్రం నిమ్మళంగా ఉన్నా పడవ యంత్రం మొరాయించవచ్చు, ఒక పడవ ఆగితే ఆ జనమంతా రెండో పడవ మీద పడతారు, టికెట్ దొరకదు. దిగ్లీపూర్ రోడ్డు మూడు వందల కిలోమీటర్లకు పైనే, మధ్యలో జారవా ఆదివాసుల రక్షిత అడవి. జిర్కాటాంగ్ నుంచి బళ్లన్నీ బారుగా పోలీసు కాపలాతో నిర్ణీత వేళల్లోనే కదులుతాయి. ఒక బారు తప్పితే తర్వాతి దానికోసం గంటల కొద్దీ ఆగాలి. ఆ దారిలో బండి ఆపడం, ఫోటో తీయడం, జారవాలకి తినేది ఏదైనా ఇవ్వడం నేరం. చట్టం మాట పక్కనపెట్టినా, మనకి మామూలు జలుబు ఆ కొద్దిమంది జాతికి ప్రాణాంతకం. బిస్కెట్టు ముక్క ఇచ్చి జాలి చూపించామనుకోవడం చాలా పెద్ద తప్పు.

దారిలో సిప్పీఘాట్ దగ్గర నీళ్లు నిలిచిన పొలాలు చూస్తారు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఇక్కడి నేల దాదాపు మీటరు కుంగింది. వరి పండిన చోటికి ఉప్పునీళ్లు వచ్చి ఉండిపోయాయి. ఇప్పుడు ఆ మడుగుల్లో ఉత్తరాది నుంచి వచ్చిన ఉల్లంకి జాతి పక్షులు చలికాలమంతా మేస్తాయి. మీరు వెళ్లే రోజుల్లోనే అవీ కొవ్వు పట్టించుకుని ప్రయాణానికి సిద్ధమవుతుంటాయి. వీలుంటే పొద్దున్న ఆరింటికి ఆటు వేళ వెళ్లి చూడండి, చాలా బాగుంటుంది.

ఇక పెట్టె. దేశం లోపలి విమానాల్లో సాధారణంగా పదిహేను కిలోల పెద్ద పెట్టె, ఏడు కిలోల చేతిసంచి. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే. ఇరవై వేల ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, వంద వరకు ఇబ్బంది లేదు. ఎండు కొబ్బరి పెట్టెలో పెట్టనివ్వరు, అందులోని నూనె వేడికి తనంతట తానే రాజుకునే గుణం ఉందని ఆంక్ష. వలిచిన పచ్చి కాయ కూడా అడిగి పెట్టుకోండి.

అసలు పట్టుబడేది పగడం దగ్గర, గవ్వల దగ్గర. ఒడ్డుకి కొట్టుకొచ్చింది, చచ్చిపోయింది, తెల్లగా అయిపోయింది, ఏం తప్పు అంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పగడాలు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ; సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు కూడా ఆ చట్టం రక్షణలోనివే. చచ్చినదైనా బతికినదైనా ఒకటే. విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద పగడపు ముక్క స్పష్టంగా కనపడుతుంది. పెట్టె విప్పిస్తారు, ముక్క తీసుకుంటారు, కేసు రాయొచ్చు. ఈ నియమం నూటికి నూరుపాళ్లు న్యాయమైనదే. ఆ చచ్చిన పగడమే నలిగి ఇసుక అవుతుంది, ఆ ఖాళీ గవ్వలోనే సన్యాసి పీత ఇల్లు కడుతుంది. గవ్వల వస్తువు కావాలంటే సాగరిక అనే ప్రభుత్వ దుకాణంలో కొని, బిల్లు పెట్టె పైభాగంలో ఉంచండి. పడాక్ చెక్క సామాను పట్టుకెళ్లేవాళ్లు అటవీశాఖ అనుమతి కాగితం ముందే తీసుకోవాలి. చివరి రోజు ఆఫీసు సెలవని తెలిస్తే ఆ బల్ల ఇక్కడే మిగిలిపోతుంది.

తాళం వేసి వెళ్లేవాళ్లకి. మీరు లేని రోజుల్లో మే నెల వస్తుంది, మొదటి వాన వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పడాక్ చెట్లు ఆకు రాల్చి చూరు కాలువలు నింపేస్తాయి. వెళ్లే ముందు ఆ ఆకు తీయించకపోతే మొదటి వానకే నీళ్లు పొంగి గోడలోకి దిగుతాయి. ఇంటి పైకి వంగిన కొబ్బరి చెట్టుంటే కాయలు దింపించండి, ఒక్క కాయ పడితే రేకు పగులుతుంది. ఫ్రిజ్ ముందురోజు పొద్దున్నే ఆపి, గడ్డ కరిగించి, పొడిగుడ్డతో తుడిచి, తలుపు పూర్తిగా మూయకుండా మధ్యలో గుడ్డ చుట్ట పెట్టాలి. మూస్తే లోపల నల్ల బూజు కడుతుంది, ఆ వాసన ఏడాదైనా పోదు. గ్యాసు రెగ్యులేటరు తీసి సిలిండరుకి మూత పెట్టండి. కిటికీ గొళ్లేలకి, తాళానికి కాస్త గ్రీజు, లేకపోతే ఉప్పుగాలికి బిగుసుకుంటాయి. ట్యాంకు ఖాళీ చేసి, తోమి, మూత బిగించండి. మరుగుదొడ్డిలో నిలిచే నీళ్లు రెండు నెలల్లో ఆవిరైపోతాయి, అప్పుడు గొట్టంలోంచి వాసన, బొద్దింకలు, జెర్రులు పైకి వస్తాయి. చివరగా ఒక చెంబు నీళ్లు పోసి, దాని మీద రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె పొర నీళ్లని ఆవిరి కానివ్వదు. స్నానాల గది తూములో కూడా అంతే. ఇక్కడి జెర్రి కరిస్తే పెద్దవాళ్లు కూడా రాత్రంతా నిద్రపోలేరు, కాబట్టి ఈ పని మర్చిపోవద్దు.

అడగండమ్మా.

(సభలోంచి: చిన్నపిల్లలు జేబులో ఒకటో రెండో గవ్వలు వేసుకుంటే కూడా పట్టుకుంటారా?)

పట్టుకుంటారనే అనుకోండి. పిల్లల నిక్కరు జేబులు, ఈత సంచి అడుగు, బూట్ల లోపల, ఈ మూడు చోట్లా ముందురోజు సాయంత్రం వెతకండి. దొరికినవి పారేయకుండా పిల్లల చేతే తిరిగి ఒడ్డున పెట్టించండి. కోప్పడి లాక్కోవద్దు, పీత సంగతి చెబితే వాళ్లే ఇచ్చేస్తారు.

(సభలోంచి: బర్మా ధనియా మొక్క ఒకటి కుండీతో తీసుకెళ్లాలని ఉంది.)

కుండీతో వద్దమ్మా. మట్టే ప్రమాదం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఈ దీవులకి చేరిన ఆఫ్రికా పెద్ద నత్త ఇప్పుడు ప్రతి పెరట్లోనూ ఉంది. దాని గుడ్లు బఠాణీ కంటే చిన్నవి, మట్టిలో వందల కొద్దీ ఉంటాయి. మీ ఊరి తోటకి ఆ బెడద మోసుకెళ్లొద్దు. కొత్తిమీర వాసనుండే ఆ ఆకు కావాలంటే కడిగి, నీడన తేమ లేకుండా ఆరబెట్టి, పాత పేపర్లో చుట్టి తీసుకెళ్లండి, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది. పెంచుకోవాలంటే ఎండిన పూల కంకి దులిపి గింజలు కాగితంలో కట్టుకోండి. ఆవగింజ కంటే చిన్నవి, కాబట్టి లోతుగా పాతకూడదు, తడి మట్టి మీద చల్లి వేలితో అద్దితే చాలు. మొలకెత్తడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అందాకా మట్టి ఆరనివ్వొద్దు. మామూలు కొత్తిమీరలా ఎండలో పెడితే వెంటనే కంకి వేసి ఆకు ముదిరిపోతుంది. నీడపట్టున పెట్టి, కంకి కనపడినప్పుడల్లా తుంచేస్తూ ఉంటే ఏడాదంతా ఆకు కోసుకోవచ్చు.